నీళ్ళలోంచి తీసిన మనిషికి ఊపిరి ఊదిన తొలినాటి వాళ్ళు

మా గోదావరి జిల్లాల్లో శవాన్ని శ్మశానానికి మోసుకుపోయేటప్పుడు దారిమధ్యలో ఒకచోట పాడెను నేల మీదికి దింపుతారు. కర్మ చేసే కొడుకో, దగ్గరి బంధువో వంగి, చనిపోయిన మనిషి చెవి దగ్గర మూడుసార్లు పిలుస్తారు. పలుకు రాకపోతే పాడె మళ్ళీ లేస్తుంది. దింపుడు కళ్ళం అని మనం చెప్పుకునే ఈ తంతు ఇప్పుడు ఆచారంగానే మిగిలింది. అయినా, మనిషి పోయాడో లేదో తేల్చి చెప్పే సాధనాలేవీ లేని కాలంలో, ముక్కు దగ్గర దూదిపింజ పెట్టి చూసి, చేయి పట్టి నాడి చూసి, అప్పటికీ మనసొప్పక చివరిసారిగా పరీక్షించుకోవడానికి పెద్దలు పెట్టుకున్న ఏర్పాటు ఇది అని నేను నమ్ముతాను. పిలిచి ఊరుకోకుండా, పోయినట్టు కనబడుతున్న మనిషిని తిరిగి తెచ్చుకోవడానికి ఏదో ఒకటి చేయడం, చేసినదాన్ని రాసిపెట్టడం, దాన్ని దారినపోయేవాడికి కూడా నేర్పడం ఎప్పుడు మొదలయ్యాయన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలలేదు. కాలవగట్టు మీద పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి, ఈ ప్రశ్న నాకు కేవలం చరిత్రకు సంబంధించినది కాదు.

పిలుపుకు పలకకపోవడం మరణానికి రుజువు కాదని డెల్టాలో వ్యవసాయం చేసుకునేవాళ్ళకు కట్లపాము నేర్పుతూనే ఉంది. వానాకాలపు రాత్రి నేల మీద చాప వేసుకుని పడుకున్న మనిషిని అది కరిస్తే చాలాసార్లు నొప్పే తెలియదు, గాటు కూడా సరిగా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తాడు. ఆ తరవాత కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, గుటక పడదు, చివరికి ఊపిరి పీల్చే కండరాలు పని మానేస్తాయి. ఆ విషం నరానికీ కండరానికీ మధ్య నడిచే సంకేతాన్ని ఆపేస్తుందే గాని నేరుగా మెదడును చంపదు. అందువల్ల ఒళ్ళంతా చచ్చుబడి, కంటిపాపలు వెలుగుకు కదలక, ఎవరు చూసినా పోయాడనుకునే స్థితిలో కూడా ఆ మనిషికి చుట్టూ ఉన్నవాళ్ళ మాటలు వినబడుతూ ఉండవచ్చు. అటువంటి స్థితిలో ఆసుపత్రికి చేరి, వెంటిలేటరు మీద రోజుల తరబడి ఉండి, మెల్లగా వేళ్ళు కదిపి, లేచి ఇంటికి వెళ్ళినవాళ్ళు ఉన్నారు. ముందే నరం కొసలను పట్టేసిన కట్లపాము విషాన్ని విరుగుడు మందు కూడా వెంటనే విడిపించలేదు కాబట్టి, ఆ మనిషి బతకడమంతా ఎవరో ఒకరు అతని బదులు ఊపిరి ఆడించడం మీదే ఆధారపడుతుంది. కలకత్తాలో పనిచేసిన జోసెఫ్ ఫేరర్ అనే వైద్యుడు, లండన్‌లోని లాడర్ బ్రంటన్ కలిసి 1870ల్లోనే నాగుపాము విషం మీద ప్రయోగాలు చేసి, కృత్రిమంగా ఊపిరి ఆడిస్తే విషమెక్కిన జంతువు ప్రాణం మరికొంతసేపు నిలుస్తుందని చూపించారు. ఊపిరి ఆగడం వేరు, ప్రాణం పోవడం వేరు అన్నది అప్పటికే వైద్యులకు బాగా తెలుసు. వాళ్ళకు ఆ తెలివిడి కలిగించింది ప్రధానంగా నీళ్ళలో మునిగినవాళ్ళు.

ఆ పని ఒక పద్ధతి ప్రకారం మొదలైంది ఊరంతా కాలవలే అయిన ఆమ్‌స్టర్‌డామ్‌లో. 1767లో అక్కడి పౌరులు కొందరు నీట మునిగినవాళ్ళను కాపాడడానికి ఒక సంఘం పెట్టుకున్నారు. అదే కాలంలో డచ్చివారికి మన పాలకొల్లులోనూ, కాకినాడ జగన్నాథపురంలోనూ స్థావరాలు ఉండేవి. మన నేత బట్టలు ఓడలెక్కి వెళ్ళిన దేశంలోనే ఈ ఆలోచన పుట్టిందని తెలిసినప్పుడు, అది మన రేవుల దాకా కూడా వచ్చి ఉంటే ఎంత బాగుండేదని నాకు అనిపించింది. కాలవలోంచి తీసిన మనిషిని అధికారులు వచ్చి చూసేదాకా కదపడానికి జనం జంకేవారు. ఆ జంకును పోగొట్టడం సంఘం పెట్టుకున్న తొలి పనుల్లో ఒకటి. మునిగినవాణ్ణి వెంటనే గట్టెక్కించండి, తడిబట్టలు విప్పి ఒంటికి వెచ్చదనం కలిగించండి, నోట్లో నోరు పెట్టి ఊదండి, బతికితే బహుమానం ఇస్తాం, జరిగింది మాకు రాసి పంపండి అని వాళ్ళు ప్రకటించారు. వచ్చిన ఉత్తరాలను అచ్చువేసి పంచారు. మొదటి నాలుగేళ్ళలో తమ పద్ధతుల వల్ల 150 మంది బతికారని చెప్పుకున్నారు. 1768లోనే వెనిస్, మిలాన్ నగరాలు ఇదే దారి పట్టాయి.

వాళ్ళు చెప్పినవన్నీ సరైనవి కావు. తల కిందికీ కాళ్ళు పైకీ ఉంచి నీళ్ళు కార్చమన్నారు, నరం కోసి నెత్తురు తీయమన్నారు, అన్నిటికంటె ఎక్కువ నమ్మకంతో పొగాకు పొగను మలద్వారం గుండా పేగుల్లోకి ఎక్కించమన్నారు. ఆ పనికి వాడిన పరికరాలు కొన్ని ప్రదర్శనశాలల్లో ఇప్పటికీ ఉన్నాయి. ఒక చెక్కపెట్టె, దానిలో చేత్తో ఆడించే చిన్న తిత్తి, పొగాకు నింపి నిప్పంటించే లోహపు గిన్నె, ఆ గిన్నెకు తగిలించే మెత్తటి గొట్టం, గొట్టం చివర దంతంతో చేసిన సన్నని ముక్కు. పొగాకు వేడి, దాని ఘాటు లోపలి అవయవాలను తట్టిలేపుతాయని అప్పటి వైద్యుల నమ్మకం. లండన్‌లో థేమ్స్ నది వెంబడి ఇటువంటి పెట్టెలను అందుబాటులో ఉంచారు. లంక పొగాకు పండించే ప్రాంతం మాది. తడి ఆకు కొట్టే రోజుల్లో కూలీలకు తల తిరిగి, వాంతులై, ఒళ్ళు చల్లబడడం మా వాళ్ళు ఎరిగిన సంగతే. ఆకు రసం చర్మానికి తగిలితేనే అంత పని చేసే పదార్థాన్ని, ఊపిరి ఆగిన మనిషి పేగుల్లోకి పొగగా ఎక్కించారంటే నాకు బాధ కలుగుతుంది. 1811లో బెంజమిన్ బ్రోడీ అనే ఇంగ్లీషు వైద్యుడు జంతువుల మీద ప్రయోగాలు చేసి, పొగాకు సారం గుండెనే ఆపగలదని చూపించిన తరవాత గాని ఆ పద్ధతి వెనకబడలేదు.

లండన్ సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఆమ్‌స్టర్‌డామ్ సంఘం నివేదికలను థామస్ కోగన్ అనే వైద్యుడు 1773లో ఇంగ్లీషులోకి తెచ్చాడు. అదే కాలంలో విలియం హాస్ అనే మరో వైద్యుడు, వెస్ట్‌మినిస్టర్ వంతెనకూ లండన్ వంతెనకూ మధ్య నదిలోంచి తీసినవాళ్ళను ఆలస్యం చేయకుండా తన దగ్గరికి తెచ్చినవాళ్ళకు ఏడాదిపాటు సొంత డబ్బు ఇచ్చాడు. ఇద్దరూ చెరి పదిహేనుమంది మిత్రులను పిలిచి 1774 ఏప్రిల్‌లో ఒక కాఫీ హోటల్లో సమావేశమయ్యారు. తరవాత రాయల్ హ్యూమేన్ సొసైటీ అని పేరు తెచ్చుకున్న సంస్థ అక్కడ పుట్టింది. ప్రయత్నం చేసినవాడికి రెండు గినీలు (అప్పటి ఇంగ్లీషు బంగారు నాణేలు), మనిషి బతికితే నాలుగు, ఆ తడి శరీరాన్ని తన ఇంట్లోకో సత్రంలోకో రానిచ్చినవాడికి ఒక గినీ అని ప్రకటించారు. చివరి బహుమానం పెట్టినవాడికి మనుషుల మనసు బాగా తెలుసునని నా అభిప్రాయం. ఎందుకంటే పోయినట్టు కనబడే పరాయి మనిషిని గడప దాటి లోపలికి తెచ్చుకోవడానికి జంకని ఊరు ఎక్కడా లేదు. డబ్బుకోసం మునిగినట్టు నటించేవాళ్ళూ, తీసినట్టు నటించేవాళ్ళూ బయలుదేరాక సొసైటీ నగదు మాని పతకాలు ఇవ్వడం మొదలుపెట్టింది. లోపల ఎక్కడో ఒక చిన్న నిప్పురవ్వ దాగి ఉండవచ్చు అనే అర్థం వచ్చే లాటిన్ మాటను ఆ సంస్థ తన సూక్తిగా పెట్టుకుంది.

ఈ సంస్థలన్నిటికంటె ముందు జరిగిన ఒక సంఘటన నాకు అన్నిటికంటె విలువైనదిగా తోస్తుంది. 1732 డిసెంబరులో స్కాట్లండ్‌లోని అలోవా అనే ఊళ్ళో, బొగ్గుగనిలో పొగ కమ్మి జేమ్స్ బ్లెయిర్ అనే కార్మికుడు పడిపోయాడు. పైకి తెచ్చేసరికి నాడి లేదు, ఊపిరి లేదు, కళ్ళూ నోరూ తెరుచుకుని ఉన్నాయి. అక్కడున్న విలియం టొసాక్ అనే శస్త్రవైద్యుడు అతని నోటి మీద తన నోరు ఆనించి గట్టిగా ఊదాడు. గాలి ముక్కుల్లోంచి బయటికి వచ్చేసింది. అప్పుడాయన ఒక చేత్తో ముక్కు మూసి, రెండో చెయ్యి రొమ్ము మీద పెట్టి మళ్ళీ ఊదాడు. రొమ్ము నిండుగా లేచింది, వెంటనే గుండె ఆరేడుసార్లు వడివడిగా కొట్టుకోవడం చేతికి తెలిసింది. గంట గడిచేసరికి బ్లెయిర్ ఆవలించాడు, కళ్ళు కదిపాడు. నాలుగు గంటల్లో నడిచి ఇంటికి వెళ్ళాడు, నాలుగు రోజుల్లో మళ్ళీ గనిలో పనికి దిగాడు. టొసాక్ ఈ వృత్తాంతాన్ని 1744లో అచ్చువేయించాడు. గాలి ఎందుకు బయటికి పోయిందో గమనించి, ముక్కు మూసి, రొమ్ము లేచిందో లేదో చేత్తో చూసుకోవడం దానిలో ఉంది. ఈనాటి శిక్షణలో నేర్పేది కూడా అదే.

మరుసటి ఏడు జాన్ ఫాదర్‌గిల్ అనే వైద్యుడు లండన్ రాయల్ సొసైటీకి ఇచ్చిన వ్యాసంలో ఈ ఉదంతాన్ని పట్టుకుని చక్కని వాదన చేశాడు. ఊపిరి ఆగినవాళ్ళకు గాలి ఊదడానికి వాడే కొలిమి తిత్తులు అవసరమైన చోట దొరకకపోవచ్చు, మనిషి ఊపిరి ఎక్కడైనా ఉంటుంది. తిత్తి గాలికంటె ఊపిరి వెచ్చగా, తడిగా ఉంటుంది. ఒక మనిషి బలంకొద్దీ ఊదినా ఇంకొక మనిషి ఊపిరితిత్తులు దాన్ని తట్టుకోగలవు. అన్నిటికీ మించి దీనికి ఖర్చు లేదు, ఎవరైనా చేయవచ్చు. ఇంత స్పష్టంగా చెప్పిన తరవాత కూడా ఆ పద్ధతిని పండితులే పక్కన పెట్టారు. 1770ల్లో ప్రాణవాయువు సంగతి బయటపడి, మనం వదిలే గాలిలో అది తగ్గిపోతుందని తెలియగానే, వాడిన గాలిని మరొకరికి ఊదడం హానికరమని నిర్ణయించి తిత్తుల వైపు మళ్ళారు. నిజానికి మనం పీల్చే గాలిలో ప్రాణవాయువు నూటికి 21 వంతులైతే, వదిలే గాలిలో ఇంకా 16 వంతుల దాకా ఉంటుంది, మనిషిని నిలబెట్టడానికి అది చాలు. 1820ల చివర ఫ్రాన్సులో లెర్వా అనే వైద్యుడు తిత్తితో బలంగా ఊదితే జంతువుల ఊపిరితిత్తులు చిట్లిపోతాయని చూపించాక తిత్తులు కూడా వెనకబడ్డాయి. ఆపైన నూరేళ్ళకు పైగా వీపు నొక్కడం, చేతులు పైకెత్తి దించడం, పక్కకు దొర్లించడం వంటి పద్ధతులే లోకమంతటా పాఠాలయ్యాయి. పుట్టి ఏడవని బిడ్డకు నోటితో ఊదే మంత్రసానులు మాత్రం యూరప్‌లో ఆ పని పూర్తిగా మానలేదు.

1950ల్లో అమెరికాలో జేమ్స్ ఎలమ్, పీటర్ సాఫర్ అనే వైద్యులు ఆ పాత పద్ధతిని మళ్ళీ పరీక్షకు పెట్టారు. మందుతో కండరాలు స్తంభింపజేసుకోవడానికి ఒప్పుకున్న స్వచ్ఛంద సేవకుల మీద, నోటితో ఊదడమే తక్కిన అన్నిటికంటె మేలని నిరూపించారు. తల వెనక్కి వంచి గడ్డం ఎత్తకపోతే నాలుక గొంతుకు అడ్డుపడుతుందని కూడా స్పష్టం చేశారు. 1960లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రికి చెందిన ముగ్గురు, రొమ్మెముకను నొక్కి గుండె చేత నెత్తురు తోయించవచ్చని ప్రకటించారు. ఈ రెండూ కలిసినదే ఇప్పుడు మనం సీపీఆర్ అంటున్నది. విద్యుత్తుతో గుండెను సరిచేసే కథ వేరే పెద్దది, దానిలోకి ఇప్పుడు వెళ్ళను.

ఇక మా కాలవగట్టుకు వస్తాను. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక, పంటకాలవలు, పిల్లకాలవలు, మురుగుకాలవలు డెల్టా అంతటా పరుచుకున్నాయి. వేసవిలో కాలవలు కట్టేసి, జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదిలిన రోజున ఊరి పిల్లలందరూ గట్టుకు చేరుతారు. నా చిన్నతనంలో అటువంటి రోజునే కాలవ నీటిని ఆపి వదిలే లాకుల దగ్గర ఒక పిల్లవాడు జారిపోయాడు. లాకుల కాపలా చూసే లస్కరు దూకి వాణ్ణి బయటికి తెచ్చేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి. ఒక పెద్దాయన వాడి కాళ్ళు పట్టుకుని తలకిందులుగా గిరగిరా తిప్పాడు. నోట్లోంచి నీళ్ళూ, మధ్యాహ్నం తిన్న అన్నం మెతుకులూ వచ్చాయి. నీళ్ళు వచ్చేశాయిరా, బతికేస్తాడురా అని గట్టు మీదున్నవాళ్ళు అరిచారు. తరవాత బిందె బోర్లించి దాని మీద వాణ్ణి పడుకోబెట్టి ఇంకొకాయన వీపు నొక్కాడు. ఎవరూ వాడి నోటి దగ్గర నోరు పెట్టలేదు, ఆ సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. పిల్లవాడు దక్కలేదు. చేతులు అడ్డుపెట్టుకుని ఏడ్చిన ఆ పెద్దాయన చేసినదంతా ప్రేమతోనే చేశాడు. ఆమ్‌స్టర్‌డామ్ వాళ్ళు ఊదండి అని అచ్చువేసి రెండువందల ఏళ్ళు దాటినా ఆ ఒక్క ముక్క మా లాకుల దాకా రాకపోవడమే నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

మునిగిన మనిషి పొట్టలోని నీళ్ళు అతన్ని చంపవు. చంపేది మెదడుకు ప్రాణవాయువు అందకపోవడం. ముందు ఊపిరి ఆగుతుంది, కొద్ది నిమిషాలకు గుండె ఆగుతుంది, నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. పొట్ట నొక్కినా, తలకిందులు చేసినా పొట్టలోని నీళ్ళూ ఆహారమూ పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగే ప్రమాదం ఉంది. అంతకంటె ముఖ్యంగా, ఊదవలసిన నిమిషాలు ఆ పనికి ఖర్చయిపోతాయి. ఈమధ్య సంవత్సరాల్లో, మునిగిపోయిన మనిషిని ఉప్పుగుట్టలో కప్పిపెడితే ఉప్పు నీటిని పీల్చేసుకుని మనిషి లేస్తాడన్న సందేశం ఫోన్లలో తిరుగుతోంది. దాన్ని నమ్మి, బిడ్డ శరీరాన్ని గంటలకొద్దీ ఉప్పులో ఉంచి ఎదురుచూసిన తల్లిదండ్రుల వార్తలు పత్రికల్లో వచ్చాయి. ఉప్పు మడులు ఉన్న మా తీరప్రాంతంలో ఈ మాట ఇంకా తేలికగా నాటుకుంటుందని నా భయం. చర్మం మీద పోసిన ఉప్పు ఊపిరితిత్తుల్లోని నీటిని లాగలేదు. లాగినా ఊపిరి రాదు.

నేను నేర్చుకున్న శిక్షణలో, నీట మునిగినవాళ్ళ విషయంలో ముందు ఊపిరే అని నొక్కి చెప్పారు. మనిషిని వెల్లకిలా గట్టి నేల మీద పడుకోబెట్టి, నోట్లో చెత్తా బురదా కనబడితే తీసి, నుదుటి మీద ఒక చెయ్యి పెట్టి తల వెనక్కి వంచి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి, రొమ్ము లేచేలా అయిదుసార్లు ఊదాలి. కదలిక లేకపోతే రొమ్ము నడుమ రెండు చేతులూ పెట్టి, అయిదు సెంటీమీటర్లకు తగ్గకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు చొప్పున ముప్పయిసార్లు నొక్కి, రెండుసార్లు ఊది, ఆసుపత్రి వాహనం వచ్చేదాకా ఆపకుండా చేయాలి. నొక్కే మనిషి రెండు నిమిషాలకే అలిసిపోతాడు కాబట్టి గట్టు మీదున్నవాళ్ళు వంతులు మారాలి. రబ్బరు బొమ్మ మీద నేర్చుకునేటప్పుడు నాకు బాగా పట్టుబడినది తల వంపు. తల తిన్నగా ఉంటే ఎంత బలంగా ఊదినా బుగ్గలు ఉబ్బుతాయే గాని రొమ్ము లేవదు. కొంచెం వంచగానే గాలి దారి తెరుచుకుని లోపలికి దిగడం తెలుస్తుంది. పదేళ్ళు దాటిన పిల్లలు కూడా దీన్ని ఒక పూటలో నేర్చుకోగలరు.

2005 నుంచి 108 వాహనాలు ఉన్నాయి, అవి ఎందరినో కాపాడాయి. అయితే లంకలోకో, కాలవగట్టు చివరి ఊరికో, పంటు దాటవలసిన చోటికో ఆ వాహనం నాలుగు నిమిషాల్లో రాలేదు. పోలీసు కేసవుతుందేమోనన్న జంకు మాత్రం ఇంకా ఉంది. రోడ్డు ప్రమాదాల్లో సాయపడినవాళ్ళకు రక్షణ కల్పిస్తూ 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలకు ఆమోదం తెలిపింది, 2019లో మోటారు వాహనాల చట్టంలోనూ ఆ రక్షణ చేరింది. రేవుల్లో సాయపడేవాళ్ళకు కూడా అదే స్థాయిలో స్పష్టమైన మాట ఎవరో ఒకరు చెప్పాలని నేను కోరుకుంటాను. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఘాటుకు ఒక వైద్య శిబిరం పెడతారు, మంచిదే. శిబిరం దాకా మోసుకువెళ్ళే దారిలో ఊదడం తెలిసిన మనిషి ఒకడు ఉండాలంటే పడవ సరంగులకు, లాకుల లస్కర్లకు, గజ ఈతగాళ్ళకు, రేవులో బట్టలు ఉతికేవాళ్ళకు, రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండేవాళ్ళకు ఇప్పటినుంచే నేర్పాలి.

మా ఊళ్ళో ఈ పని కొంత మొదలైంది. కాలవలు కట్టేసిన నెలల్లో ఎండిన కాలవ అడుగునే పిల్లలను కూర్చోబెట్టి బొమ్మ మీద నేర్పుతున్నాం. లాకుల గోడ మీద పెద్ద అక్షరాలతో మూడు వాక్యాలు రాయించడానికి అనుమతి అడిగాం. పొట్ట నొక్కవద్దు, తలకిందులు చేయవద్దు. తల వెనక్కి వంచి, ముక్కు మూసి, రొమ్ము లేచేలా ఊదండి. ఒకరు ఊదుతుండగా ఇంకొకరు 108కి ఫోను చేయండి. ఆ రాతకు కింద ఒక లారీ ట్యూబూ, ఇరవై బారల నైలాను తాడూ తగిలించడానికి మేకులు లస్కరు తానే కొడతానన్నాడు.